మామ్మ చెవి మిషను

మొన్న ఆదివారం మా ఎదురింటి అమ్మాయి ప్రసన్న ఒక స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. మూత తీస్తే నిండా బియ్యం. అందులో వేళ్ళు పెట్టి కాసేపు కెలికి, చెవిలో పెట్టుకుని పాటలు వినే తెల్ల బుడిపె ఒకటి పైకి తీసింది. "చూసుకోకుండా బట్టలతో పాటు మిషన్లో వేసేశానండి ఆంటీ. బియ్యంలో పెడితే బాగవుతుందని ఫోన్లో వీడియో చూశాను. రెండ్రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు" అంది దిగులుగా. బియ్యపు దుమ్మంతా దాని జాలీలో దూరి కూర్చుంది. షాపులో చూపించావా అని అడిగాను. "చూపించానండి. ఇవి తెరుచుకోవంట. కొత్తవి కొనుక్కోమన్నారు" అంది. తెరుచుకోవు అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మనిషి చేత్తో మూసిన దాన్ని మనిషి చేత్తో తెరవలేకపోవడమేమిటి? సరే, ఉంచి వెళ్ళమన్నాను. ఆ పిల్ల వెళ్ళాక ఆ బుడిపెను అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉంటే పని మాట మరిచిపోయి, మనసు ఎక్కడికో వెళ్ళిపోయింది.

ముప్పై ఏళ్ళపాటు రాజమండ్రిలో ఈ ముందు గదిలోనే బల్ల వేసుకుని వాచీలు, చిన్న రేడియోలు, కాలిక్యులేటర్లు, ఆ తరవాత సెల్‌ఫోన్లు బాగుచేశాను. ఆడవాళ్ళు ఈ పని చేయడం చూసి జనం ముందు వింతపడేవారు, తరవాత అలవాటుపడ్డారు. "చిన్నప్పట్నించీ మీకివంటే ఇష్టమాండీ?" అని అడుగుతారు. అవునంటే వాళ్ళకి సంతోషం కాబట్టి అవుననేదాన్ని. నిజానికి ఇష్టమూ లేదు, పాడూ లేదు. మా మామ్మకి చెవి వినపడకపోవడం వల్ల నాకీ పని వచ్చింది.

మాది ఆత్రేయపురం. రేకులు తీసే ఇల్లు. పూతరేకులు తినేవాళ్ళందరికీ నెయ్యీ పంచదారా గుర్తుంటాయి గానీ, లోపలి ఆ కాగితమంత పొర ఎలా వస్తుందో చూసినవాళ్ళు తక్కువ. బోర్లించిన పెద్ద కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చగా కలిపిన బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే, గుడ్డ నడిచిన మేరా తెల్లటి పొర కడుతుంది. దాన్ని చిరగకుండా ఎత్తాలి. అదే రేకు. మా పెరటి వసారాలో రోజంతా కొబ్బరాకు పొగ వాసన, నానిన బియ్యం పుల్లటి వాసన, మధ్యాహ్నమయ్యేసరికి వాటి మీద కాగిన నెయ్యి వాసన. కాలేజీలో నా పక్కన కూర్చునే పిల్ల నా జడలోంచి అట్టు వాసన వస్తోందనేది. నాకు కోపం వచ్చేది గానీ, ఆ పిల్ల చెప్పింది అబద్ధమేమీ కాదు.

కుండ ముందు పీట మా మామ్మది. నాన్నగారి అమ్మ. పొద్దున్నే ఇత్తడి గ్లాసుతో కాఫీ తాగి, జుట్టు బిగించి ముడేసుకుని, కుండకి ఒక దణ్ణం పెట్టి కూర్చుంటే ఇక ఎవరూ లేపలేరు. మంటతో మాట్లాడుతూ ఉండేది. "ఏంటే ఆ దూకుడు? ఎవరి పెళ్ళికెళ్తున్నావు?" అని ఒకసారి, "నిద్రొస్తోందా? లే, లే" అని ఒకసారి. మంట సంగతి తెలుసుకోవడానికి ఆవిడ మంట వైపు చూసేది కాదు. తల కాస్త ఎడమకి వంచి వినేది. తడిగుడ్డ తగలగానే కుండ సుయ్యిమని సాగదీస్తే చల్లారినట్టు. చుర్రుమని తెగిపోతే కాగిపోయినట్టు. ఆ రెండింటికీ మధ్యన ఒక చప్పుడుంది. దాన్ని రాయడానికి నాకింతవరకూ అక్షరాలు దొరకలేదు. ఆ చప్పుడు వచ్చినప్పుడు లాగిన రేకు మాత్రమే గాలికి ఊగుతూ కూడా చిరగకుండా చేతిలోకి వస్తుంది.

అలాంటి మనిషికి చెవులు మందగించాయి. మొదట మేము గమనించలేదు, ఆవిడ చెప్పలేదు. రేకుల మీద గోధుమరంగు మచ్చలు రావడం మొదలయ్యాక తెలిసింది. రాజమండ్రి తీసుకెళ్ళి చూపిస్తే డాక్టరు గారు చెవి మిషను ఇచ్చారు. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద డబ్బా, దాన్నుంచి ఒక తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే బిళ్ళ. డబ్బాని రవికెకి తగిలించుకుని మామ్మ మళ్ళీ పీటెక్కింది. రెండేళ్ళు బాగానే నడిచింది. ఆవిరో, చెమటో, పిండి తుంపరో, ఒకరోజు ఆగి ఆగి పలికి, చివరికి బరబరలు తప్ప మాట పలకడం మానేసింది. కొన్న షాపువాళ్ళు ఆ రకం ఇప్పుడు రావడం లేదన్నారు. చెవి వెనక తగిలించుకునే కొత్త రకం తెచ్చాం. మామ్మ కుండ మీదికి వంగగానే అది జారి పిండి గిన్నెలో పడింది. తీసి తుడిచి మళ్ళీ పెడితే మళ్ళీ పడింది. "దీనికి పిండి మీద మనసైంది, దాన్నే చేసుకోమను" అని మామ్మ దాన్ని తీసి పక్కన పెట్టేసింది.

ఆ తరవాత వారానికి అమ్మ కుండ ముందు కూర్చుంది. మచ్చలు పడ్డ రేకుల దొంతర ఒకటి అమ్మ పక్కకి తీసి పెట్టడం మామ్మ చూసింది, అంతే. మర్నాడు తనే పీట వదిలేసి, చాప మీద మడతలు చుట్టే చోటికి వచ్చి కూర్చుంది. మడతలు చుట్టడం మా ఇళ్ళల్లో పదేళ్ళ పిల్లలకి నేర్పే మొదటి పని. మామ్మ నా పక్కన కూర్చుని నెయ్యి రాసి, పంచదార చల్లి, ఒక్క మాట లేకుండా చుట్టేది. మంటని తిట్టేవాళ్ళు లేరు. అమ్మ కూడా తప్పు చేసినదానిలా తలొంచుకుని రేకులు తీసేది. నాకు ఆ చాప మీద కూర్చోవాలంటే ఏడుపొచ్చేది.

అప్పుడు నేను రాజమండ్రిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. బస్సు ఆనకట్ట మీదుగా ధవళేశ్వరం దాటి వెళ్ళేది. ఒకసారి నా స్నేహితురాలి వాచీ బాగుచేయించాలని ధవళేశ్వరంలో దిగితే సత్యానందం మాస్టారు గారి వరండా కనిపించింది. ఆయన బళ్ళో మాస్టారు కాదు. ఇరిగేషన్ ఆఫీసులో వైర్‌లెస్ సెట్లు చూసి రిటైరైన మనిషి. వరండాలో బల్ల వేసుకుని నలుగురికి పని నేర్పుతుండేవారు కాబట్టి ఊరంతా మాస్టారనే పిలిచేది. మర్నాడు చెవి మిషను పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తెరవలేదు. ముందు వాసన చూశారు. మెల్లగా ఊపి చూశారు. చెవికి బిళ్ళ పెట్టుకుని, డబ్బాని వేలితో అక్కడా ఇక్కడా తట్టారు. "లోపల చప్పుడు పట్టే మైకు దగ్గర తీగ వదులైందమ్మాయ్. చిన్న అతుకు వేస్తే చాలు" అన్నారు.

"వేసి పెట్టండి మాస్టారూ, ఎంతసేపైనా కూర్చుంటాను" అన్నాను.

"వేద్దును గానీ, నా కళ్ళల్లో పొరలు. ఆపరేషన్ అయ్యేదాకా ఇంత చిన్న అతుకు నాకు కనపడదు. ఈ కుర్రాళ్ళకి ఇస్తే ఉన్నది ఊడదీస్తారు. నీకు తొందరైతే నేర్పుతాను, నువ్వే వేసుకో."

అలా మొదలైంది. ఆయన పద్ధతి ఆయనదే. ఏ వస్తువు వచ్చినా మొదటి పావుగంట స్క్రూడ్రైవర్ ముట్టనిచ్చేవారు కాదు. చూడు, వాసన చూడు, విను, అప్పుడు జబ్బేంటో నోటితో చెప్పు. తప్పు చెప్పినా పరవాలేదు గానీ చెప్పకుండా తెరిస్తే ఊరుకునేవారు కాదు. తెరిచాక ఏ మర ఎక్కడిదో అక్కడే ఉండేటట్టు కాగితం మీద వస్తువు బొమ్మ గీసి దాని మీద పెట్టించేవారు. మొదటి వారంలో నేను బాగుచేసింది ఏమీ లేదు. ఒక అలారం వాచీని విప్పి, తిరిగి బిగించి చూస్తే రెండు మరలు మిగిలాయి. "వాచీ దానం చేసిందమ్మా నీకు" అన్నారు మాస్టారు. తరవాత సెల్ పట్టే చోట చిలుము గోకడం వచ్చింది. కాలిక్యులేటర్ బటన్ల కింద మురికి తుడవడం వచ్చింది. తుడవగానే చచ్చిందనుకున్న అంకెలు తెర మీద వెలిగినప్పుడు నేను వరండాలో గట్టిగా అరిచాను. కుర్రాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ, నాకా రోజు ఆకలి కూడా వేయలేదు.

సోల్డరింగ్ అంటే కాలే ఐరన్ కడ్డీతో సీసం లాంటి సోల్డర్‌ని కరిగించి తీగలు అతకడం. అది నేర్పేటప్పుడు మాస్టారు ఒక సూత్రం చెప్పారు. మైకు లాంటి సున్నితమైన వాటిని వేళ్ళతో పట్టుకుని అతకాలి. ఐరన్ వేడి తీగలోంచి పాకి వేలికి చురుక్కుమనగానే తీసేయాలి. "నీ వేలు ఓర్చుకోలేని వేడిని అదీ ఓర్చుకోలేదు. వేలే నీకు గడియారం" అన్నారు. అన్నాక మళ్ళీ, "చేయి కుదిరేదాకా మీ మామ్మగారి మిషను జోలికి మాత్రం వెళ్ళకు. నేను చెప్తాను ఎప్పుడో" అని గట్టిగా చెప్పారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా. రెండు కాలిక్యులేటర్లు వెలిగించేసరికి నాకు నేను పెద్ద మెకానిక్‌నైపోయాను. పైగా పెళ్ళిళ్ళ రోజులు. పెరట్లో ఊపిరాడని పని. ఆ హడావిడిలో కూడా మామ్మ చాప మీద మడతలు చుడుతూ కూర్చుని ఉంటే చూడలేకపోయాను. ఒక సెలవునాడు అందరూ పెరట్లో ఉండగా ముందు గదిలో తలుపేసుకుని మిషను తెరిచాను. మాస్టారు చెప్పినట్టే మైకు దగ్గర తీగ వదులుగా ఉంది. పప్పుబద్దంత మైకుని వేళ్ళతో పట్టుకుని ఐరన్ పెట్టాను. వేలికి చురుక్కుమనలేదు. సరే, ఇంకా టైముందనుకున్నాను. సోల్డర్ సరిగ్గా కరగలేదని ఇంకోసారి పెట్టాను. అప్పుడూ చురుక్కుమనలేదు. అతుకు ముత్యంలా మెరిసింది. సెల్ వేసి, బిళ్ళ చెవిలో పెట్టుకున్నాను. ఇదివరకు కనీసం బరబరలైనా వచ్చేవి. ఇప్పుడు అవి కూడా లేవు.

మర్నాడు మాస్టారి ముందు తలొంచుకుని నిలబడ్డాను. ఆయన కోప్పడతారనుకున్నాను, కోప్పడ్డారు కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకుని వచ్చావా అన్నారు. "ఎంతసేపు పెట్టావు ఐరను?" అని అడిగారు. "వేలికి చురుక్కుమనేదాకానే కదండీ మీరు చెప్పింది. నాకసలు చురుక్కుమనలేదండి" అన్నాను. ఆయన నా చెయ్యి లాక్కుని వేళ్ళ కొనలు తన బొటనవేలితో తడిమి చూశారు. చిన్నప్పట్నించీ వేడి కుండ మీద రేకులెత్తిన వేళ్ళు. కాగే గిన్నెని గుడ్డ లేకుండా దించుతానని చుట్టుపక్కల పిల్లల ముందు గొప్పలు పోయేదాన్ని. "ఇవి వేళ్ళా, అట్లకాడలా?" అన్నారు మాస్టారు. కుర్రాళ్ళు నవ్వుతుంటే వాళ్ళని కసిరి, "తప్పు నాదీ ఉందిలే. అందరికీ ఒకటే సూత్రం చెప్పాను" అన్నారు. "కానీ మైకు మాత్రం ఉడికిపోయిందమ్మా. అది ఇంక పలకదు."

ఆ సాయంత్రం మామ్మకి చెప్పాలి. వినపడని మనిషికి తప్పు ఒప్పుకోవడమంత కష్టం ఇంకోటి లేదు. మెల్లగా గొణిగి తప్పించుకోవడానికి వీల్లేదు. ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, వీధి వాళ్ళందరికీ వినపడేలా, "మామ్మా, నీ మిషను నేనే పాడుచేశాను. వేడి ఎక్కువైందని నా వేళ్ళకి తెలియలేదు" అని అరవాల్సి వచ్చింది. రెండోసారి అరుస్తూ ఏడ్చేశాను. మామ్మ నా వేళ్ళు పట్టుకుని చూసింది. తన వేళ్ళు నాకు చూపించింది. నావాటి కన్నా మొద్దుగా ఉన్నాయి.

"మన వేళ్ళకేం తెలుస్తుందే బుల్లీ" అంది. "నా పెళ్ళైన ఏడాదికే నా వేళ్ళు చచ్చాయి. వేడి సంగతి వేళ్ళనడిగితే మా అత్తగారు నన్నెప్పుడో పుట్టింటికి పంపేసేది. అందుకే కదా వింటాను. ఇనుముకి చప్పుడుండదా ఏంటి? విను."

చెవి లేని మనిషి నాకు వినమని చెప్పింది. పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళి మాస్టారికి ఆ మాటే చెప్పాను. ఆయన బల్ల మీద ఐరన్ తుడుచుకునే తడి స్పాంజి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మేమందరం దాన్ని తుడుచుకునే గుడ్డ కిందే చూశాం. ఐరన్‌ని దాని మీద పెట్టి కళ్ళు మూసుకున్నాను. సుయ్యిమంది. కాసేపు కాగనిచ్చి మళ్ళీ పెట్టాను. చుర్రుమంది. నేను పుట్టినప్పట్నించీ మా పెరట్లో విన్న చప్పుళ్ళే. ఆ మధ్యనున్న చప్పుడు వచ్చేదాకా ఆగి, ఐరన్ తీసి, చెత్తలోని పాత తీగ మీద ఆనించి ఎత్తేశాను. సోల్డర్ ఇట్టే పాకింది. మాస్టారు ఆ తీగని కళ్ళకి ఆనించుకుని చూసి, కనపడక, కొసని గోటితో గీరి చూశారు. "ఇంకోటి వెయ్యి" అన్నారు. అలా ఎన్ని వేయించారో నేను లెక్కపెట్టలేదు. నెల పట్టింది. తీగని వేళ్ళతో కాకుండా చిన్న పట్టకారుతో పట్టుకోవడం, ఐరన్ ఆనించి ఒకటీ రెండూ అనుకునేలోగా తీసేయడం వచ్చాయి. చివరికి ఒకరోజు ఆయన అటక మీంచి చచ్చిపోయిన టేపురికార్డరు ఒకటి దింపించి, "దీని మైకు బాగానే ఉంది. ఊడదీసి మీ మామ్మగారికి పెట్టు. ఇక్కడే, నా ముందే" అన్నారు. ఐరన్‌ని తడి స్పాంజికి ఆనించి, ఆ మధ్య చప్పుడు వినపడగానే మైకు తీగలు అతికాను.

ఇప్పుడు ప్రసన్న బుడిపెను ముందు పెట్టుకుని ఇవన్నీ తలుచుకుంటున్నాను. ఈ రోజుల్లో నేర్చుకోవడం తేలికైంది, ఒప్పుకుంటాను. ఏ బోర్డు ఎలా విప్పాలో ఫోన్లో చూపించేస్తారు. భూతద్దాలు, వేడిని అంకెల్లో చూపించే ఐరన్లు చవగ్గా దొరుకుతున్నాయి. మా కాలంలో అలాంటి ఐరన్ ఉంటే మామ్మ మైకు బతికేది. అప్పుడే బాగుండేదని పాత కాలాన్ని నెత్తికెత్తుకునే ఓపిక నాకు లేదు. కానీ వస్తువులు చేసేవాళ్ళు మాత్రం మన మీద నమ్మకం పోగొట్టుకున్నారు. మర ఉండాల్సిన చోట జిగురు పెడుతున్నారు. పాడవుతుంది, పాడైతే ఎవరో ఒకరు విప్పి చూస్తారు అన్న ఆలోచనే వాళ్ళకి లేదు. అయినా ప్రసన్న లాంటి పిల్లలు పారేయకుండా డబ్బాలో పెట్టుకుని, తెలిసీ తెలియని వైద్యాలు చేసి, ఎదురింటికి పట్టుకొస్తున్నారు. ఆ పిల్లని వచ్చే ఆదివారం ఊరికే రావద్దనీ, పక్కన కూర్చుని చూడాలనీ కబురుపెట్టాను. ఈ బుడిపె బతుకుతుందో లేదో నేను చెప్పలేను. తెరవడం మాత్రం ఆ పిల్ల చేతే తెరిపిస్తాను.

మామ్మ మిషను బాగుచేసి ఇంటికి తెచ్చిన రోజు అమ్మ పాత చీర గుడ్డతో దానికి సంచి కుట్టింది, ఆవిరి తగలకుండా. మామ్మ బిళ్ళ చెవిలో పెట్టుకోగానే అది కూ అని ఒక కూత పెట్టింది. గట్టిగా నొక్కితే ఆగింది. మామ్మ మా అందరి మొహాలూ చూసి, "మాట్లాడండే" అంది. మాట్లాడాం. మొహం చిట్లించింది. "మీ గొంతులన్నీ రేకు డబ్బాలోంచి వచ్చినట్టున్నాయి. ఏం బాలేవు" అంది. టేపురికార్డరు మైకు కదా, మనుషుల గొంతులకి కుదరలేదనుకున్నాను. మామ్మ లేచి పెరట్లోకి నడిచింది. అమ్మ గబగబా పీట మీంచి లేచింది. అంత సంతోషంగా తన చోటు వదులుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మామ్మ కూర్చుంది. గుడ్డ ముంచింది. లాగింది. తల ఎడమకి వంచింది. మొదటి రేకు చిరిగిపోయింది. గుడ్డ మళ్ళీ ముంచి, లాగబోయి ఆగి, పొయ్యి వైపు తిరిగి, "ఏంటే, ఇన్నాళ్ళూ నన్నడిగేవాళ్ళు లేరని ఇష్టమొచ్చినట్టు మండుతున్నావు?" అంది. అమ్మ రెండు ఆకులు వెనక్కి లాగింది. మామ్మ కాసేపు విని, గుడ్డ లాగి, రేకుని రెండు చేతులతో ఎత్తింది. అవతలి వైపు నిలబడ్డ నేను అందులోంచి ఆవిడ మొహం చూశాను. "మీ గొంతులు బాలేవు గానీ, మంట గొంతు బాగుంది" అంది.

నన్ను మెచ్చుకుంటుందని ఆ పూటంతా గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం పెళ్ళివారి తాలూకు పెద్దాయన ఒకాయన రేకులు పట్టుకెళ్ళడానికి వచ్చి, పీట మీద మామ్మని చూసి ఆశ్చర్యపోయాడు. "మిషను బాగుపడిందాండీ? ఎవరు చేశారండి?" అని అడిగాడు. మామ్మ గుడ్డ ముంచుతూ, తల కూడా ఎత్తకుండా నా వైపు చెయ్యి చూపించింది.

"మా మనవరాలండి. ముందు పాడుచేసింది, తరవాత బాగుచేసింది. రెండూ వచ్చు దానికి."